మూతల్లేని బోర్లు, సోమ్లీబాయి టీచరమ్మ

మా వీధి చివర బోరు బండి దిగింది. ఎండలు ముదిరాయంటే మా గుంతకల్లులో రైళ్ళకంటే బోరు బండ్లే ఎక్కువ తిరుగుతాయి. తెల్లవారినప్పటి నుంచి ఇనుము రాతిలోకి దిగుతున్న చప్పుడుకి మా గోడ మీది దేవుళ్ళు పటాలతో సహా ఒకరి పక్కకి ఒకరు జరిగి కూర్చున్నారు. కాఫీ మీద తెల్లటి రాతిపొడి మీగడలా కట్టింది. ఆ పొడి వాసన ముక్కుకు తగలగానే నా కాళ్ళు నన్నడక్కుండా మంచం మీదికి ఎక్కేశాయి. మా ఆవిడ వచ్చి చూసి, తేలు కనిపించిందా అని అడిగింది. కనిపించింది అన్నాను. నిజం చెప్పడంకంటే అది తేలిక.

ముందే ఒక మాట చెప్పుకుంటాను. నేను పెంచి చెప్పే మనిషిని. రైల్వేలో పనిచేసిన మా నాయన, ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్ళతోపాటు ఒక హెచ్చరిక కూడా ఇచ్చేవాడు: మా వాడు చెప్పిందాంట్లో సగం తీసేయండి, మిగిలిన సగాన్ని ఎండలో పెట్టి, ఎండిన తర్వాత ఎంతుంటే అంత నమ్మండి అని. కాబట్టి ఈ రాతలో గుట్ట కనిపిస్తే మిట్ట అనుకోండి, వరద కనిపిస్తే చెంబు ఒలికిందనుకోండి. భయం కనిపిస్తే మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోండి. దాన్ని పెంచుదామని నేనూ చూశాను. పెంచడానికి అందులో ఖాళీ లేదు.

సోమ్లీబాయి టీచరమ్మను మీరు చూసి ఉండరు. గుత్తి దాటి, తారురోడ్డు కూడా ఇక నావల్ల కాదని ఆగిపోయిన చోటు నుంచి ఇంకా లోపలికి నడిస్తే వచ్చే సుగాలి తండా ఆమెది. పొట్టి మనిషి. కొంగు నడుముకు చుట్టి, రబ్బరు చెప్పులతో, ఎప్పుడూ నేల చూస్తూ నడిచేది. మొదట్లో సిగ్గేమో అనుకున్నాను. అంత తప్పుగా నేను ఇంకే మనిషినీ అంచనా వేయలేదు.

ఆమె చాలా ఏళ్ళు ప్రభుత్వ బడిలో పనిచేసింది. తండా పిల్లలకు ఇంట్లో సుగాలి భాష తప్ప ఇంకోటి వినపడదు. బళ్ళో తెలుగు తప్ప ఇంకోటి నడవదు. ఆ పిల్లలు రెండేళ్ళు మూగబొమ్మల్లా కూర్చుని, మొద్దులనే పేరు తెచ్చుకుని, మేకల వెంట వెళ్ళిపోవడం ఆమె చూసింది. చిన్నప్పుడు తనూ అలాగే కూర్చుంది. ఒక రోజు ఉద్యోగం మానేసి సొంత తండాకు వచ్చి, పెద్దలందర్నీ కూర్చోబెట్టి, మన బడి మనమే పెట్టుకుందామంది. మొదట తమ భాషలో, తమ పాటలతో, తమ గుట్టలూ మేకలతో చదువు మొదలుపెట్టాలి. తెలుగు ఆ తర్వాత. వాళ్ళంతా కలిసి రాళ్ళు మోసి గోడలు కట్టారు, పైన రేకులు వేశారు. ఆ 'తర్వాత' చెప్పాల్సిన తెలుగు కోసం ఒక మనిషి కావాల్సి వచ్చింది. బీఎడ్ చేసి, ఉద్యోగం లేక, మా నాయన కళ్ళ ముందు తిరగడానికి భయపడుతున్న నేను దొరికాను.

మొదటి రోజు నేను తండాలో అడుగుపెట్టేసరికి ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తున్నారు. చుట్టూ జనం. ఎవరో పోయారనుకున్నాను. మర్యాదగా చెప్పులు విడిచి, మొహాన తగినంత దుఃఖం పెట్టుకుని ఎండలో నిలబడ్డాను. ఆ నేల మీద నా పాదాలు కాలిన కాలడానికి, వాటి మీద దోసె పోసుంటే రెండు వైపులా ఎర్రగా వచ్చేది. చివరికి టీచరమ్మ వచ్చింది. ఎవరు పోయారమ్మా అని గొంతు తగ్గించి అడిగాను.

"ఎవరూ పోలేదప్పా. కూతురు పుట్టింటికొచ్చింది. చెప్పులేసుకో, బొబ్బలొస్తాయి."

చాలా కాలానికి కలుసుకున్న ఆడవాళ్ళు అలా మెడ పట్టుకుని, ఈ మధ్యలో జరిగిందంతా పాటగా ఏడ్చి చెప్పుకోవడం వాళ్ళ ఆచారమట. ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఏ మేక ఈనిందో, ఏ మాట మనసుకు తగిలిందో, అన్నీ అందులోకి రావాలట. బళ్ళో మొదటి పాఠం కూడా అదేనని చెప్పింది. పిల్లలు పొద్దున్నే వచ్చి నిన్న తమకు జరిగిందాన్ని తమ మాటల్లో, రాగం వస్తే రాగంతో చెప్పాలి. అక్షరాలు ఆ తర్వాత. నాకు నవ్వొచ్చింది. కొంచెం దాచుకుని చెప్పొచ్చా అని తమాషాకి అడిగాను.

"దాచుకుంటే అది ఏడుపు గాదు, దొంగతనం" అంది. నవ్వలేదు.

రెండో పాఠం నన్ను ఇంకా భయపెట్టింది. తండా కిందుగా ఉన్న చేలు ఎక్కువ భాగం ఓబిరెడ్డి అనే పెద్ద రైతువి. ఆయన నీళ్ళ కోసం వేయించినన్ని బోర్లు ఇంకెవరూ వేయించి ఉండరు. ఆ చేనును ఎత్తి పట్టుకుంటే పిండి జల్లించుకోవచ్చు. నీళ్ళు పడని బోరులోంచి ఇనుప పైపును పీకి ఇంకో బోరుకు వాడతారు. మిగిలిన గుంత అన్నం తినే పళ్ళెం కంటే చిన్నది. లోతు మాత్రం పాతాళంలో ఎవరైనా తల పైకెత్తితే మన మొహం కనిపించేంత. దాని మీద ఒక గోనెసంచి, సంచి మీద కంపకొమ్మ. ఏడాది తిరిగేసరికి కంప గాలికి పోతుంది, సంచి ఎండకు చివుకుతుంది. పసిబిడ్డ జారిపోవడానికి ఆ వెడల్పు చాలు. బయటికి తీయడానికి చాలదు.

టీచరమ్మ పిల్లల్ని రోజూ ఆ నేల మీద నడిపించేది. ఏ చెట్టు ఆకు దేనికి పనికొస్తుందో, ఏ పిట్ట కూస్తే ఏమిటో చెబుతూనే గుంతలు చూపించేది. ప్రతి గుంతకూ పిల్లలు తమ భాషలో ఒక పేరు పెట్టి, పలకరించి, బండరాయి మూత పెట్టేవాళ్ళు. ఆమె పెట్టిన నియమం ఒకటుంది. కొత్త గుంత కనిపిస్తే దాన్ని ఒంటరిగా వదలకూడదు. రాయి పెట్టాలి. రాయి లేకపోతే ఎవరైనా వచ్చేదాకా అక్కడే ఉండాలి. పిల్లలు దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాళ్ళు. నేను మాత్రం వాళ్ళ వెనక, వాళ్ళ అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ, ఏనుగుల మంద వెనక వెళ్ళే మేకపిల్లలా నడిచేవాణ్ణి.

ఒక రోజు ఓబిరెడ్డి మోటారు సైకిలు మీద బడి ముందుకొచ్చి ఆగాడు. బండి దిగలేదు.

"ఏమమ్మా టీచరమ్మా, నా బోర్లకు సమాధులు కట్టిస్తాండావంట?"

"పిల్లోళ్ళు పడతారన్నా."

"మూత పెడితే ఇంగ అది సచ్చిపోయినట్లే గదమ్మా. యా వానకన్నా ఊట తిరుక్కుంటాదేమోనని నేను చూస్తాండా. నోరు మూసినదానికి నీళ్ళు యాడనుంచి వస్తాయి?"

ఆయన చెడ్డమనిషి కాదు. నాలుగు చినుకులు పడితే చాలు, ప్రతి గుంతలోనూ గులకరాయి వేసి, నీటి చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి పెట్టి కూర్చుంటాడని తండా అంతా చెప్పుకునేది. ఆ రోజు ఆయన కళ్ళు చూస్తే నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు. నాకది చాలా అరుదు. చివరికి పిల్లలెవరూ తన చేలో కాలు పెట్టకూడదని గట్టిగా చెప్పి వెళ్ళాడు. ఆయన చేను గట్టుకు అవతల మిగిలిన గుంతలు మూతలు లేకుండానే ఉండిపోయాయి. టీచరమ్మ ఆ గట్టు వైపు ఒకసారి చూసి, పిల్లల్ని వెనక్కి తిప్పింది.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. వేరుశనగ మొలకెత్తి, చుట్టూ చూసి, తప్పు చేశానని మళ్ళీ నేలలోకి పోయింది. తండా మొత్తం బెంగుళూరుకు, ఇళ్ళు కట్టే పనులకు బయలుదేరింది. అలా వెళ్ళినప్పుడు పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. వాళ్ళు ఇసుక కుప్పల మీద ఆడి, ఇసుక కుప్పల మీదే నిద్రపోతారు. వాళ్ళు వెళ్ళిపోతే బడి ఆ ఏడాదితో సరి. మళ్ళీ నిండదు. అది అందరికీ తెలుసు. టీచరమ్మ గుడిసె గుడిసెకూ తిరిగి, పిల్లల్ని నాకు వదిలి వెళ్ళండి, ముసలివాళ్ళున్నారు, నేనున్నాను అని బతిమాలింది. ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. తుల్సి అనే పిల్ల తల్లి జమునీబాయి మాత్రం ఆఖరి దాకా మూట విప్పలేదు. తుల్సి ఒక్కతే ఆమెకు. నా బిడ్డకు ఏమన్నా అయితే ఎవరినడగాల అంది. నన్నే అడుగు, నీ చేతికి నేనే తెచ్చిస్తా అంది టీచరమ్మ. జమునీబాయి ఆమె మొహం చాలాసేపు చూసి, పిల్ల చెయ్యి వదిలింది.

తండాకు పెద్ద ఒక ముసలి నాయక్. వరసకు టీచరమ్మకు మేనమామ. ఆయన వెళ్ళేవాళ్ళందరి ముందూ ఒక మాట అన్నాడు.

"ఒక్క బిడ్డకు ఏమైనా సరే సోమ్లీ, ఈ బడి తలుపు నేనే పీకి పొయ్యిలో పెడతా."

అన్నమాట తప్పే మనిషి కాదాయన. వాళ్ళెక్కిన బండి వెళ్ళిపోయాక లేచిన దుమ్ము అణిగేసరికి అంతమంది పిల్లలూ మా ఇద్దరి మొహాలు చూస్తూ నిలబడి ఉన్నారు. భయమంటే ఏమిటో నాకు అంతకుముందు తెలుసనుకునేవాణ్ణి.

ఆ తర్వాత టీచరమ్మ పిల్లల్ని లెక్కపెట్టడం మానలేదు. పాఠం చెబుతూ లెక్కపెట్టేది, గంజి పోస్తూ లెక్కపెట్టేది. ఆమెను చూసి నేనూ మొదలుపెట్టాను. ఒక్కోసారి మా లెక్కలు కలిసేవి కావు. అప్పుడు ఇద్దరి మొహాల్లోనూ రక్తం దిగిపోయేది, నేను నన్ను కూడా కలుపుకున్నానని తేలేదాకా.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, అన్నాల వేళ, ఒక పళ్ళెం ఖాళీగా మిగిలింది. తుల్సిది. మేకపిల్ల ఒకటి తప్పిపోతే దాని వెనక వెళ్ళిందని ఒక పిల్ల చెప్పింది. ఎప్పుడు అంటే, పొద్దున. ఎటు అంటే, ఆ పిల్ల నోటితో చెప్పలేదు. గట్టు వైపు చూసింది.

నాయక్, ముసలివాళ్ళు గుట్ట మీదికి వెళ్ళారు. టీచరమ్మా నేనూ గట్టు దాటి ఓబిరెడ్డి చేలోకి దిగాం. తుల్సీ, తుల్సీ అని అరుచుకుంటూ వెళ్ళాం. గాలి తప్ప ఎవరూ పలకలేదు. మొదటి గుంత మీద గోనెసంచి ఉంది. సంచి మధ్యలో లోపలికి కుంగి ఉంది. గాలికి కుంగిందా, ఎండకు చివికి కుంగిందా, ఇంకేదన్నా బరువు పడి కుంగిందా, చూస్తే తెలిసేలా లేదు. ఆ సమయంలో నాకు ఒక్క తమాషా కూడా తోచలేదని రాస్తే నన్నెరిగినవాళ్ళు నమ్మరు. టీచరమ్మా, మీకు భయం లేదా అని అడిగాను. ఆమె నావైపు తిరిగింది.

"భయపడేకి నాకిప్పుడు తీరిక లేదప్పా. బిడ్డ దొరికినాక భయపడతా."

ఆ మాట అని మోకాళ్ళ మీద కూర్చుని సంచి తీసింది. అంత ఎండలోనూ లోపలి నుంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. అంత చల్లగా తగలకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆమె నోరు గుంతకు దగ్గరగా పెట్టి, తన భాషలో, బిడ్డను నిద్ర లేపినట్టు మెల్లగా తుల్సిని పిలిచింది. పిలిచి చెవి పెట్టింది. తర్వాత నన్నూ పెట్టమంది. పెట్టాను. ఎక్కడో దూరాన జనం పరిగెత్తుతున్నట్టు చప్పుడు వినిపించింది. అది నా నెత్తురు చప్పుడని తెలుసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. పలుకు లేదు. పలుకు లేకపోవడం మంచిదో కాదో మాకు తెలియదు. లేచి రెండో గుంత దగ్గరికి వెళ్ళాం. సంచి తీయడం, పిలవడం, వినడం. మళ్ళీ ఇంకొకటి. ఒక మనిషి నేల నోట్లో నోరు పెట్టి బిడ్డను పిలవడం నేను ఇంకెక్కడా చూడలేదు. చూడకూడదనే కోరుకుంటాను.

చేను చివర మిట్ట దాటితే అవతల తెల్లటి రాతిపొడి కుప్ప కనిపించింది. ఓబిరెడ్డి ఎవరికీ చెప్పకుండా వేయించిన కొత్త బోరు అది. నీళ్ళు పడలేదు, మూతా పడలేదు. దాని పక్కన తుల్సి కూర్చుని ఉంది. గుంత మీద తన పలక పెట్టి, గాలికి కదలకుండా రెండు చేతులతో నొక్కి పట్టుకుని ఉంది. పక్కనే మేకపిల్ల పడుకుని నెమరేస్తోంది. పిల్ల పెదవులు పగిలిపోయాయి. వెంట్రుకలు, కనురెప్పలు రాతిపొడితో తెల్లబడ్డాయి. చుట్టూ పొడి తప్ప రాళ్ళు లేవు. నియమం ప్రకారం వదిలి వెళ్ళకూడదు. మా పిలుపులు పిల్లకు వినిపించాయట. అది కాలు పెట్టకూడని చేను కాబట్టి, ఓబిరెడ్డి వింటాడేమోనని పలకలేదట.

టీచరమ్మను చూడగానే అది నీళ్ళు అడగలేదు. నేను లేస్తే దీన్ని ఎవరు పట్టుకుంటారు అని అడిగింది.

ఆమె కొట్టలేదు, మెచ్చుకోలేదు. దాని పక్కనే కూలబడి, పలక మీద దాని చేతుల పక్కన తన చెయ్యి పెట్టింది. రెండో చేత్తో పిల్ల కనురెప్పల మీది పొడిని కొంగుతో తుడిచింది. తుడుస్తూ, నియమం ఇవాళ్టి నుంచి మారిందని చెప్పింది.

"గుంతకు కాపలా పెద్దోళ్ళ పని. నువ్వు ఉరికొచ్చి చెప్పల్ల, అంతే."

మా కేకలకు ఓబిరెడ్డి కూడా వచ్చాడు. పలకను చూశాడు, పిల్ల చేతులు చూశాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, మా ముగ్గుర్నీ పొమ్మని, ఆ గుంత దగ్గర తనే కూర్చున్నాడు. మర్నాడు ట్రాక్టరు నిండా నాపరాయి బండలు తెప్పించి, ప్రతి బోరుకూ మూత వేయించాడు. బండదేముందమ్మా, వానొస్తే ఎత్తి చూసుకుంటా అన్నాడట టీచరమ్మతో. ఆయన ఆశ ఆయనది.

తొలకరికి బెంగుళూరు వెళ్ళినవాళ్ళు తిరిగొస్తున్నారని తెలిసింది. అప్పుడు నాకు కొత్త భయం పట్టుకుంది. టీచరమ్మకు హితబోధ మొదలుపెట్టాను. పిల్లకు ఏమీ కాలేదు కదా, జరిగింది చెప్పి తల్లి గుండె ఎందుకు ఆపాలి, చెబితే తుల్సి ఒక్కతే కాదు, మిగతా పిల్లలూ ఆగరు, నాయక్ తలుపు పీకడం ఖాయం, ఇన్నాళ్ళ కష్టం బూడిదవుతుంది అని. తల్లి వచ్చాక తేలుస్తానని ఆగిన నాయక్‌ను నోరు విప్పకుండా ఎలాగో ఒకలా నేను ఒప్పిస్తానని కూడా అన్నాను. నా వాక్చాతుర్యానికి రాళ్ళు కూడా తలలూపాయి. ఆమె మాత్రం వింటూ గంజి కలుపుతూ కూర్చుంది.

జమునీబాయి ఆటో దిగింది. టీచరమ్మ ఎదురు వెళ్ళింది. ఇద్దరూ మెడలు పట్టుకుని రాగం ఎత్తుకున్నారు. అప్పటికి నాకు వాళ్ళ భాష బాగానే అర్థమవుతోంది. అర్థం కాకుండా ఉంటే బాగుండుననుకుంటూ నిలబడ్డాను. జమునీబాయి బెంగుళూరు ఇసుకను, మేస్త్రీ తిట్లను, బిడ్డ కోసం రాని నిద్రను ఏడ్చింది. టీచరమ్మ తండాలో పోయిన ముసలామెను ఏడ్చింది, ఎండిన బావిని ఏడ్చింది. ఇక ముగిస్తుందేమోనని నేను ఊపిరి వదలబోతుండగా, ఖాళీగా మిగిలిన పళ్ళెం దగ్గరికి వచ్చింది. గట్టు, కుంగిన సంచి, పలక, పిల్ల పగిలిన పెదవులు, తను పెట్టిన నియమమే దాన్ని అక్కడ కూర్చోబెట్టిన సంగతి, ఒక్కటీ వదలకుండా రాగంలో చెప్పింది.

జమునీబాయి ఏడుపు మధ్యలో ఆగిపోయింది. ఎదుటి మనిషి ముగించకుండా ఆపడం ఆ ఆచారంలో లేదు. నాయక్ కళ్ళు బడి తలుపు మీదికి వెళ్ళాయి. ఆ తల్లి తుల్సిని దగ్గరికి లాక్కుని, అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది. తల నిమిరింది. మెడ, భుజాలు, మోకాళ్ళు తడిమింది. ఆమె తడిమినంతసేపూ నేను నా కాళ్ళ కింద నేలను చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఆమె టీచరమ్మతో తన భాషలో అన్నదాన్ని మన మాటల్లో చెబుతాను.

"నువ్వు దాచింటే ఈ పొద్దే బిడ్డను తీసుకుపోయేదాన్ని. దాచలేదు. రేపు నాకు గూడా ఆ గుంతలన్నీ చూపీ. దానికి నేర్పింది నాకూ నేర్పు."

మర్నాడు పొద్దున పిల్లల వెనక తల్లులు కూడా వరసగా నడిచారు. ముందు టీచరమ్మ, నేల చూస్తూ. నాయక్ బడి గుమ్మంలో కూర్చుని, వాళ్ళు తిరిగొచ్చేదాకా తలుపుకు వీపు ఆనించి ఉన్నాడు. టీచరమ్మ ఇప్పుడు లేదు. బడి ఉంది. అక్కడ చదువుకున్నవాళ్ళే అక్కడ పాఠాలు చెబుతున్నారు.

భయాన్ని ఉన్నదున్నట్టు చెబుతానని మొదట్లో మాటిచ్చాను కాబట్టి ఒప్పేసుకుంటాను. నా పాదాల మీద దోసె కాలేది కాదు, మహా అయితే అప్పడం వేగేది. ఓబిరెడ్డి చేలో పిండి జల్లించలేం, రవ్వయితే జల్లించొచ్చు. ఇవన్నీ పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే. మొదటి గుంత దగ్గర, భయపడటానికి తీరిక లేదని టీచరమ్మ అన్నట్టు రాశాను చూడండి, ఆ మాట ఆమె అనలేదు. ఎన్నో సభల్లో ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. బడి పెట్టిన మనిషి నోట అలాంటి మాట ఒకటుంటే వినేవాళ్ళకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను. నాకూ ఉండేది.

నిజానికి ఆమె చెయ్యి సంచి మీదికి వెళ్ళి ఆగిపోయింది. "నాకు భయమైతాందప్పా. నా చెయ్యి పట్టుకో, చూస్తా" అంది. పట్టుకున్నాను. అరచెయ్యి తడిసి ముద్దయి ఉంది, నాది ఎక్కడ మొదలవుతుందో ఆమెది ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. రెండో గుంతకు అలవాటవుతుందనుకున్నాను. కాలేదు. ప్రతి గుంత దగ్గరా ఆమె భయమైతాందని చెప్పింది, చెయ్యి అడిగింది, ఆ తర్వాత వంగి చూసింది.